సంక్షేపమును విస్తరించు విద్య

పీఠాధిపతులకు, స్వాములకు వ్రాయు లేఖలలో "శ్రీ 108" అని వ్రాయు ఆచారము కలదు. శ్రీకారమును నూటయెనిమిది మారులు వ్రాయుటకు మారుగా నొక్కసారి వ్రాసి, ప్రక్కన సంఖ్య నుంచుటయే దీని భావము. నేఁడు జావాస్క్రిప్టు భాషను నేర్చు బాలబాలికలకు ఇయ్యఁబడు చిన్న లెక్క యొకటి యిట్టిదే. "క3చ2" అని యిచ్చిన యెడల "కకకచచ" అని విస్తరింపవలెను.

దీనిని పిల్లలాటగా భావింపరాదు. 1980లో అంగీకరింపఁబడిన గ్రూపు 3 ఫాక్సు ప్రమాణమునందు ఒక్కొక్క గీతకు 1728 బిందువులు గలవు. యంత్రము ఆ బిందువులను విడివిడిగా పంపక, తెలుపు ఎంత దూరము, నలుపు ఎంత దూరము అను సంఖ్యలనే సంకేతములుగా పంపును. అవతలి యంత్రము వానిని విస్తరించుటలో నొక సంఖ్య తప్పినచో ఆ గీత చెడిపోవును.

1995లో పుట్టిన జావాస్క్రిప్టునకు 2015లో "రిపీట్" అను సాధనము చేర్పఁబడెను. దానిని "రిప్లేస్"తో కూర్చిన యెడల ఈ పని యొక్క పంక్తిలో ముగియును. అయితే ఇతరులు వ్రాసిన ఆ పంక్తిని అర్థము చేసికొనకయే యెత్తివ్రాసి మార్కులు పొందుట విద్య కాదని నా యభిప్రాయము.

ఇందుకు నిదర్శనముగా "శ్రీ108" అను మాటనే పరీక్షింపుఁడు. ఒక్కొక్క అంకెను వేర్వేరుగా గ్రహించి, అన్ని మారులు అక్షరమును వ్రాయు క్రమమైనచో 1, 0, 8 కలిసి తొమ్మిది మారులే వచ్చును. సరియైన మార్గమేమనఁగా, క్రొత్త యంకె వచ్చినప్పుడెల్ల అంతకు మున్నున్న సంఖ్యను పదితో హెచ్చించి, క్రొత్తదానిని కూడవలెను. అప్పుడు 1, 10, 108 అని సంఖ్య క్రమముగా నేర్పడును. చిన్న తరగతులలో నేర్చిన స్థానవిలువయే యిది.

రెండవ చిక్కు మన లిపిలోనే యున్నది. మనకు "శ్రీ" ఒక్క యక్షరము. కంప్యూటరునకో, శకారము, పొల్లు, రకారము, గుడిదీర్ఘము అను నాలుగు గుర్తులు. సంఖ్యకు ముందున్న యొక్క గుర్తునే గ్రహించు పంక్తి గుడిదీర్ఘమును మాత్రము నూటయెనిమిది మారులు వ్రాసి, అక్షరమును వికారము చేయును. ఆంగ్లాక్షరములకు చక్కగా పనిచేసిన పంక్తి మాతృభాషయొద్ద విఫలమగుట యిట్లు. ఇట్టి లోపమును కనుఁగొనువాఁడు ఆ పంక్తిని చదివినవాఁడే గాని, యెత్తివ్రాసినవాఁడు కాఁడు.

"సిద్ధముగా నున్నదానిని మరల నేల చేయవలెను?" అని కొందఱు ప్రశ్నింతురు. ఉద్యోగమున ప్రవేశించినవానికి ఆ మాట తగును. నేర్చుకొనువానికి తగదు. కూడిక రానివానికి లెక్కల యంత్రము నిచ్చిన మేలేమి?

కాఁబట్టి విద్యార్థులారా, మొదట కాగితముపై ఒక్కొక్క గుర్తును చదివి విస్తరింపుఁడు. పిమ్మట ఆ క్రమమునే జావాస్క్రిప్టులో వ్రాయుఁడు. రెండంకెల సంఖ్యను, సున్నను, గుణింతపు టక్షరమును ఇచ్చి పరీక్షింపుఁడు. అటుపిమ్మట "రిపీట్"ను నిశ్చింతగా వాడుకొనవచ్చును. తలిదండ్రులును పిల్లవాని మార్కు నడుగుటకు ముందు, "ఇది యెట్లు పనిచేయును?" అని యొక్కమాట యడుగవలెనని నా మనవి.