తిరగడానికి కారణం చెప్పం

"తిరిగి చెడింది ఆడది, తిరక్క చెడ్డాడు మగాడు" అని మనకో సామెత ఉంది. ఎంత పాతదో తెలీదుగానీ ఇంకా చావలేదు. 2025 ఆగస్టు 15న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ బస్సుల్లో 'స్త్రీశక్తి' పేరుతో ఆడవాళ్ళకి ఉచిత ప్రయాణం మొదలైన దగ్గర్నుంచీ దాన్ని రకరకాల రూపాల్లో వింటూనే ఉన్నాను. ఉద్యోగానికి వెళ్ళే ఆడదానికి, ఆస్పత్రికి వెళ్ళే ఆడదానికి, కాలేజీకి వెళ్ళే అమ్మాయికి టిక్కెట్టు లేకపోతే ఎవరికీ పెద్దగా బాధ లేదు. "పనీ పాటా లేకుండా ఊళ్ళు తిరుగుతున్నారు" అన్నదే అసలు బాధ. మధురవాడలో మా వీధి చివర టీకొట్టు దగ్గర ఈ మాట అన్నవాళ్ళు, ఆ మాట అంటున్న సమయానికి పనీ పాటా లేకుండానే నిలబడి ఉన్నారు. ఆ సంగతి వాళ్ళకి తట్టలేదు. తట్టకపోవడమే పితృస్వామ్యం.

ఈ నిందకి మన వైపు నుంచి వస్తున్న జవాబు నాకు ఇంకా చిరాకు తెప్పిస్తోంది. "లేదు లేదు, ఆడవాళ్ళు అవసరాలకే వెళ్తున్నారు" అని లెక్కలు చెప్పి సంజాయిషీ ఇచ్చుకుంటున్నాం. ఎందుకివ్వాలి? పని లేకుండా తిరిగితే తప్పేమిటి? సముద్రం చూడ్డానికి ఒక ఆడది ఒంటరిగా, ఏ కారణమూ లేకుండా బస్సెక్కి భీమిలి వెళితే అది ప్రభుత్వ ధనం దుర్వినియోగమా?

భీమిలి పేరు ఊరికే ఎత్తలేదు. మా మధురవాడ నుంచి గంటలోపు ప్రయాణం. గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటున్న పాత రేవు పట్నం. 17వ శతాబ్దంలో డచ్చివాళ్ళు వచ్చి వర్తకస్థావరం పెట్టారు. 1825లో అది ఇంగ్లీషువాళ్ళ చేతికొచ్చింది. 1861లో మునిసిపాలిటీ అయింది. దేశంలోని తొలి మునిసిపాలిటీల్లో ఒకటి. ఇప్పుడు మహా విశాఖ నగరపాలక సంస్థలో భాగం. పర్యాటకుల కోసం రాసిన ఏ వ్యాసం చూడండి, ఇదే వరస. డచ్చి సమాధులు, పాత లైట్‌హౌసు, కొండమీద నరసింహస్వామి గుడి, దారిలో ఎర్రమట్టి దిబ్బలు, చివర్న 'ప్రశాంతత'. ఆ ప్రశాంతత ఎవరికి అన్న ప్రశ్న మాత్రం ఏ వ్యాసంలోనూ ఉండదు.

ఆ చరిత్రని కాస్త గోకి చూద్దాం. డచ్చి కంపెనీ ఈ తీరానికి ఎందుకొచ్చింది? ముఖ్యంగా బట్టల కోసం. కోరమాండల్ తీరం బట్ట తూర్పు దీవులకీ ఐరోపాకీ ఓడలెక్కి వెళ్ళింది. బట్ట నేసిన చేతుల గురించి చరిత్రకారులు కొంత రాశారు. ఆ మగ్గానికి కావలసిన నూలు వడికింది ఎక్కువగా ఆడవాళ్ళు. రాట్నం ముందు కూచున్న ఆ లక్షల గంటలకి ఈ ఊళ్ళో ఒక్క రాయి లేదు. కొన్నవాడికి సమాధి ఉంది, దానికి పురావస్తుశాఖ రక్షణ ఉంది. అదే కంపెనీ ఈ తీరం నుంచి కరువు కాలాల్లో మనుషుల్ని కూడా బానిసలుగా కొని ఓడలెక్కించింది. 'డచ్చి వారసత్వం' అని ముచ్చటగా రాసేవాళ్ళు ఆ వారసత్వంలో ఈ సరుకునీ కలిపి రాయాలి కదా!

ఇంకా వెనక్కి వెళితే విచిత్రంగా ఆడవాళ్ళ పేర్లు కనిపిస్తాయి. మధురవాడ చుట్టూ ఉన్న తొట్లకొండ, బావికొండ రెండువేల ఏళ్ళనాటి బౌద్ధారామాలు. ఆ కాలపు ఆంధ్రదేశంలో అమరావతి శాసనాల్లో దానాలిచ్చిన స్త్రీలు, భిక్షుణులు పేరుపేరునా కనిపిస్తారు. నాగార్జునకొండ మహాచైత్యం ఇక్ష్వాకు రాజు సోదరి చాంతిసిరి కట్టించినది. అంటే రాతి మీద ఆడదాని పేరు చెక్కడం మనకి తెలీని విద్య కాదు. తర్వాతెప్పుడో మరిచిపోయాం. సరిగ్గా చెప్పాలంటే మరిచిపోవడం లాభసాటి అయింది.

భీమిలికి ఆధునిక కాలంలో ప్రేమికుల ఊరన్న పేరు తెచ్చింది 1978 నాటి 'మరోచరిత్ర' సినిమా. ఆ సముద్రతీరం మీద బాలూ స్వప్నల ప్రేమని తల్చుకుంటూ ఇప్పటికీ జంటలు వస్తాయి. కానీ ఆ కథ ఎలా ముగుస్తుందో ఒకసారి గుర్తు చేసుకోండి. అమ్మాయి మీద అత్యాచారం, ఇద్దరి చావు. సొంతంగా కోరుకున్న ఆడదానికి ఆ అందమైన తీరం ఇచ్చిన బహుమానం అది. దాన్నే మనం నలభై ఏళ్ళకి పైగా రొమాన్సు అంటున్నాం. మన కథల్లోనూ చాలాసార్లు ఆడది సముద్రం దగ్గరికి చేరేది చావడానికో, చావాలా వద్దా అని ఆలోచించడానికో. పల్లీలు తింటూ ఊరికే కూచోడానికి చేరిన నాయిక ఎంతమంది? సాహిత్యం చదువుకున్న మనం ఈ లెక్క తియ్యాలి.

"భీమిలిని విదేశాల్లో సముద్రతీర పట్నాల్లాగా చెయ్యాలి" అనేది మా ప్రాంతంలో నాయకులకీ, స్థలాల వ్యాపారులకీ ఇష్టమైన మాట. భోగాపురం విమానాశ్రయం మాట మొదలైన దగ్గర్నుంచి మరీ ఎక్కువైంది. సరే, అలాంటి పట్నాన్ని ఒకదాన్ని తీసుకుందాం. ఏడ్రియాటిక్ తీరంలో, ఇప్పటి క్రొయేషియాలో ఒపాటియా అని ఉంది. 1844లో రియెకా వర్తకుడు స్కార్పా అక్కడొక విల్లా కట్టించి చనిపోయిన భార్య ఏంజియోలినా పేరు పెట్టాడు. 1884లో పెద్ద హోటలు వచ్చింది. ఆస్ట్రియా-హంగరీ సామ్రాజ్యపు ధనికులు చలికాలం గడపడానికి వరస కట్టారు. ఒడ్డున రాతి మీద ఒకప్పుడు మడోన్నా విగ్రహం ఉండేది, 1956 నుంచి చేతి మీద సముద్రపక్షితో నిలబడిన కన్య విగ్రహం ఉంది. చూశారా! చనిపోయిన భార్య, దేవతామూర్తి, రాతికన్య. ఆ హోటళ్ళలో దుప్పట్లు ఉతికినవాళ్ళూ, గదులు ఊడ్చినవాళ్ళూ, వంటశాలల్లో చెమటోడ్చినవాళ్ళూ పోస్టుకార్డుల మీదికి రాలేదు. ఆడది బొమ్మగా ఉంటే ఊరికి అందం, మనిషిగా ఉంటే అడ్డం. మనం దిగుమతి చేసుకుంటామంటున్నది ఈ నమూనానే అయితే శ్రమ పడక్కర్లేదు, అది మన దగ్గర ఎప్పుడో ఉంది.

ఇక ఇప్పటి తీరం. ఆ ఒడ్డు మీద మూడు రకాలుగా బతుకుతున్నవాళ్ళం ఉన్నాం. మగవాళ్ళకి అది తీరిక. మధ్యతరగతి ఆడవాళ్ళకి అది అనుమతి. జాలరి స్త్రీలకి అది పని. మొదటి రెండింటి గురించి మాట్లాడటం మనకి తేలిక. మూడోది వచ్చేసరికి మన స్త్రీవాదం కాస్త తడబడుతుంది.

అనుమతి సంగతి ముందు చెబుతాను. ఈ తీరంలోనే ఒక లాడ్జిలో గది అడిగాను, పగలే, గుర్తింపు కార్డు చేతిలో పెట్టుకుని. "సార్ ఎప్పుడొస్తారు మేడం?" అన్నాడు కౌంటర్లో కుర్రాడు. సార్ లేరన్నాను. "ఒక్క లేడీస్‌కి ఇవ్వం" అన్నాడు, మర్యాదగానే. పక్కనే నలుగురు మగపిల్లలు బీరు సీసాల సంచీతో తాళంచెవి తీసుకుని మెట్లెక్కారు. డాక్టరేటు పట్టా, జీతం, ముప్ఫై అయిదేళ్ళ వయసు, ఏవీ 'సార్'కి సాటి రాలేదు. 1870ల్లో పోతం జానకమ్మ ఇంగ్లండు వెళ్ళొచ్చి ఆ యాత్ర గురించి రాసింది, 1876లో ఇంగ్లీషులో పుస్తకంగానూ వచ్చింది. ఆమె భర్తతో వెళ్ళింది. నూటయాభై ఏళ్ళు గడిచాక కూడా ఇరుగున ఉన్న భీమిలిలో ఒక రాత్రి ఉండటానికి మనకి భర్త కావలసి వస్తోంది.

ఇప్పుడు పని సంగతి. తెల్లవారుజామున తెప్పలూ మరపడవలూ ఒడ్డు చేరగానే వేలం పాడేది, గంపలకెత్తేది, ఎండబెట్టేది, ఊరూరా మోసుకెళ్ళి అమ్మేది ఆడవాళ్ళు. చేపకి ధర వచ్చేది వాళ్ళ నోటివల్లా కాళ్ళవల్లా. మంగమారిపేట ఒడ్డున చేపలు ఏరుతున్న ఒకామె నన్ను చూసి, "ఏటమ్మా, సముద్రం సూడ్డానికొచ్చీసినారా?" అని నవ్వింది. మీరు చూడరా అన్నాను. "సూడకేటి! మా ఇంటోళ్ళు ఎల్లినకాడ్నుంచి వొచ్చీదాకా దాన్నే సూస్తాం" అంది. ఆ చూపుని 'వ్యూ' అని అమ్మడానికి ఏ రిసార్టుకీ వీలుకాదు.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు తూర్పుతీరంలో వేట నిషేధం. ఆ రోజులకి ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో 20,000 రూపాయలైంది. మంచిదే. కానీ అది పడవెక్కి వేటకి వెళ్ళేవాడి లెక్కన వచ్చే భృతి. పడవ కదలకపోతే గంప కూడా కదలదు కదా? గంప మోసే మనిషి మత్స్యకారుల లెక్కలోకి ఎందుకు రాదు? ముఖ్యంగా భర్తని సముద్రం తీసుకుపోయిన ఒంటరి ఆడమనిషి, గంపే ఆధారంగా పిల్లల్ని సాకుతున్నామె, ఆ 61 రోజులు ఏం తినాలి?

2020లో రుషికొండ బీచికి బ్లూఫ్లాగ్ గుర్తింపు వచ్చింది. ఆ గుర్తింపు కావాలంటే నీళ్ళు శుభ్రంగా ఉండాలి, మరుగుదొడ్లుండాలి, బట్టలు మార్చుకునే గదులుండాలి. అవి ఆడవాళ్ళకి ఎంత అవసరమో చెప్పక్కర్లేదు, నేనూ వాడుకున్నాను. కానీ చేపల బేరం జరిగే ఒడ్డున నీడ ఉండాలని, మంచినీళ్ళుండాలని, మరుగుదొడ్డి ఉండాలని ఏ జెండా అడగదు. పైగా 'శుభ్రత' అన్న మాట వచ్చిన మరుక్షణం ఎండుచేపల వాసన సమస్య అయిపోతుంది. మన అపార్ట్‌మెంట్లలో సముద్రం వైపు కిటికీ కోసం ఎక్కువ డబ్బు కట్టి, ఆ కిటికీలోంచి వచ్చే చేపల వాసనకి ముక్కు మూసుకునే ఆడవాళ్ళని నాకు తెలుసు. వాళ్ళలో స్త్రీల హక్కుల గురించి మాట్లాడేవాళ్ళూ ఉన్నారు. ముక్కుకి కులం ఉంటుంది. ఆ సంగతి దళిత, బహుజన రచయిత్రులు మనకి ఎప్పుడో చెప్పారు.

అందుకే "స్త్రీలకి భద్రమైన బీచి" అన్న నినాదాన్ని నేను అలాగే మింగలేను. భద్రత పేరుతో వచ్చేవి కెమెరాలు, కంచెలు, టిక్కెట్లు, పొద్దుగూకగానే ఈల వేసి తరిమే కాపలాలు. ఆ కంచె ముందుగా ఎవర్ని బయట పెడుతుంది? వలలు ఆరేసుకునేవాళ్ళని, గంపలవాళ్ళని, ముంత కింద పప్పు అమ్ముకునే ఆమెని. తర్వాత ప్రేమికుల్ని. చివరికి మనల్ని కూడా, "చీకటి పడింది ఇంకా ఇక్కడేం చేస్తున్నారు" అని. బొంబాయి మీద శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి చేసిన పరిశోధన 2011లో 'వై లాయిటర్?' అన్న పుస్తకంగా వచ్చింది. ఆడవాళ్ళకి కావలసింది రక్షణ కాదు, ఏ పనీ లేకుండా బయట ఉండే హక్కు; ఆ హక్కు అందరికీ ఉన్నచోటే ఆడవాళ్ళకీ ఉంటుంది అని వాళ్ళు వాదించారు. మన ఒడ్డుకి ఇది అక్షరాలా వర్తిస్తుంది. చేపలమ్మే ఆమె తెల్లవారుజామున ఉండబట్టే నేను ఆ వేళకి అక్కడ నిర్భయంగా నడవగలను. నాకు భద్రత ఆమె. ఆమెని ఖాళీ చేయించిన 'అందమైన' ఒడ్డు మీద నేను ఒంటరిదాన్ని.

టిక్కెట్టు పోయింది, సంతోషం. తీరిక మాత్రం ఎవరూ ఉచితంగా ఇవ్వలేదు. బస్సు ఉచితమైన రోజున ఇంట్లో వంట ఎవరు చేశారు? రాత్రి ఆఖరి బస్సు వేళ ఆడదాని పని వేళలు చూసి పెట్టారా? ఒంటరి స్త్రీకి గది ఇవ్వని లాడ్జి లైసెన్సు గురించి అడిగే అధికారి ఉన్నాడా? చేపలమ్మే స్త్రీకి వేట నిషేధ భృతి తన పేరు మీద ఇవ్వాలని మన ఏ సదస్సు తీర్మానించింది? ఎర్రమట్టి దిబ్బలు 2025లో యునెస్కో తాత్కాలిక జాబితాకి ఎక్కాయి. వాటిని కాపాడాల్సిందే. వాటితోపాటు ఆ చుట్టూ బతికే ఆడవాళ్ళ దారులూ, వల ఆరేసే ఇసకా, చేపలు ఎండేసే మెరకా కూడా కాపాడవలసినవే అని ఎవరు రాస్తారు?

మనమే రాయాలి. నాయని కృష్ణకుమారి 'కాశ్మీర దీపకళిక' రాశాక తెలుగులో స్త్రీల యాత్రారచన కొంత పెరిగింది. అయినా మనం ఇప్పటికీ కాశీకో, అమెరికాలో పిల్లల దగ్గరికో, సెమినార్లకో వెళ్ళినప్పుడే రాస్తున్నాం. ప్రతి ప్రయాణానికీ ఒక పుణ్యమో, పురుడో, పేపరో సాకు ఉంటోంది. సాకులు మానేద్దాం. మీ ఊరి నుంచి గంట దూరంలో ఒక నీటి ఒడ్డు ఉండే ఉంటుంది. వెళ్ళండి. అక్కడ ఎవరు కూచుని ఉన్నారో, ఎవరు నిలబడే ఉన్నారో, ఎవరికి మరుగుదొడ్డి లేదో, ఎవరు ఎవరిని లెమ్మంటున్నారో రాయండి. ఎందుకెళ్ళావని ఇంట్లో అడిగితే, "తిరగడానికి" అని చెప్పండి. తిరుగుబాటు అన్న మాటలో ముందున్నది తిరుగే.