ఈతకు పోలే, తానానికి పోయిండు

మా హాస్టలు రికార్డులో నా దోస్తు చావు ఒక్క లైను: 'ఈతకు వెళ్ళి ప్రమాదవశాత్తు మృతి.' ఆ లైను అబద్ధం. అప్పుడు మేం ఏడో తరగతి. బోరు మోటరు కాలిపోయి వారం దాటింది. 120 మందికి ఒక్క ట్యాంకరు, అదీ వంటకే అయిపోయేది. 'చెరువుకాడికి పోయి తానాలు చేసి రాండ్రి' అని పంపింది సార్లే. చెరువుల మొరం తవ్విన గుంతలున్నయని మాకెవరు చెప్పిండ్రు? వాడి కాలు జారింది. ఒడ్డు మీద ఇరవై మందిమి ఉన్నం. ఒక్కడికీ ఈత రాదు.

ఎందుకు రాదు? ఈ ప్రశ్న ఏ ఎంక్వయిరీలోనూ ఎవరూ అడగలేదు. మా ఊళ్ళె పటేండ్ల పిల్లలు వీపుకు బెండ్లు కట్టుకుని వాళ్ళ బావుల్లో ఈత నేర్చుకున్నరు. మేం దిగితే బావి మైలపడుతదన్నరు. ఆ బావుల పూడిక తీసింది మా నాయిన. తీసిన చేతులకు అండ్ల మునిగే హక్కు లేదు. నీళ్ళు ముట్టనియ్యనోళ్ళే ఇయ్యాల మా పిల్లలకు ఈత రాదని జాలిపడుతున్నరు!

1927లో మహద్ చెరువు నీళ్ళు తాగడానికి అంబేద్కర్ వేలమందితో నడవాల్సి వచ్చింది. 1985లో కారంచేడు మారణకాండకు మొదలు మంచినీళ్ళ చెరువుకాడి తగాదానే. 1968లో కీళ్వెణ్మణిలో 44 మందిని ఒక్క గుడిసెలో కాల్చేసిండ్రు. వాటికీ హాస్టలుకూ ఏం సంబంధమంటరు. అక్కడ పగ, ఇక్కడ పట్టనితనం. కానీ ఎవరి పిల్లలని చూసే పట్టనితనం కూడా పుడుతది.

2004లో కుంభకోణం బడి వంటపాకలో లేచిన మంటకు 94 మంది పిల్లలు బలయ్యిండ్రు. 2009లో సుప్రీంకోర్టు భద్రమైన బడి పిల్లల హక్కని తేల్చింది. ఆ హక్కు మా హాస్టలు గేటు దాటి లోపలికి రాలేదు.

నిరుడు నన్ను ఒక హాస్టలుకు ఇన్‌చార్జి చేసిండ్రు. కిటికీలకు ఇనుప గ్రిల్లులు, ఒక్కటే తలుపు, రాత్రి తొమ్మిదింటికి బయట తాళం. గోడకు ఎర్ర సిలిండరు ఉంది, గడువు తీరి మూడేండ్లు. రిజిస్టరులో 'అగ్నిమాపక పరికరాలు సక్రమంగా ఉన్నవి' అనే లైను కింద సంతకం పెట్టాలె. పెట్టిన. రెండు నెలలు పెట్టిన. మా ఇంట్ల మొదటి డిగ్రీ, మొదటి నౌకరీ పోతదేమోనన్న భయం. నా దోస్తు మీద అబద్ధం రాసిన చేయీ, నా చేయీ ఒక్కటే అయినయి. మూడో నెల ఉన్నది ఉన్నట్టు రాసిన. మెమో వచ్చింది.

హాస్టళ్ళల్ల చదివే తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా, అడగండ్రి. రెండో తలుపు కావాలె. రాత్రి తాళంచెవి లోపల పండుకునే మనిషి దగ్గర ఉండాలె. సిలిండరు పిన్ను ఎట్ల గుంజాలో పెద్దపిల్లలందరికీ రావాలె. ఉడుకు సాంబారు గిన్నెలు పిల్లలతో మోయించొద్దు. కాలినచోట పేస్టు, సిరా పూయొద్దు. ఇరవై నిమిషాలు చల్లటి నీళ్ళు పారనియ్యాలె. దానికన్నా నల్లాల నీళ్ళుండాలె కదా! మునిగేవాణ్ణి చూసి దుంకొద్దు, తాడో తువ్వాలో విసరాలె. ఇన్నిటితోపాటు మా పిల్లలకు ఈత నేర్పాలె. అది ఆట కాదు, గుంజుకున్న నీళ్ళల్ల మా వాటా.

మెమోకు సంజాయిషీ ఇయ్యమన్నరు. ఇదే నా సంజాయిషీ. ఆ పాత రికార్డులో లైను దిద్దండ్రి: వాడు ఈతకు పోలే. హాస్టల్ల నీళ్ళు లేక తానానికి పోయిండు.