చెంచా పోతే అడిగేవాళ్ళం

ఇంట్లో వెండి చెంచా కనిపించకపోతే ముందు నిలబెట్టి అడిగేది పనిమనిషిని. మా జి.కొండూరు మీదుగా తిరువూరు వెళ్ళే బస్సులో కండక్టరు సంచీలో నాలుగు టిక్కెట్ల డబ్బు తగ్గిందా, అతగాడి వుద్యోగానికే యెసరు. సరే, లెక్క లెక్కే అనుకుందాం. మరి కోట్లు తగ్గితే అడిగేవాళ్ళేరీ?

హైదరాబాదు ఆల్విన్‌ని తలుచుకోండి. 1942లో పుట్టింది, తర్వాత రాష్ట్ర ప్రభుత్వ సంస్థ అయింది. బస్సులకి బాడీలు కట్టింది. ఫ్రిజ్‌లు, గడియారాలు, పుష్పక్ స్కూటర్లు చేసింది. చాలదన్నట్టు 1980లలో జపాను నిస్సాన్‌తో కలిసి జహీరాబాదులో చిన్న లారీలు మొదలెట్టింది. ఆ దశాబ్దం ముగిసేసరికి లారీలు మహీంద్రా వారి పాలు, 1990లలో ఫ్రిజ్‌లు వోల్టాస్ వారి పాలు. సరుకు చెడ్డదా అంటే కాదు సుమండీ! మా పెద్దత్తగారి ఆల్విన్ ఫ్రిజ్ పాతికేళ్ళు కిక్కురుమనకుండా పనిచేసింది. చేతులు మంచివే. తల సంగతేమిటి? ఇన్ని పనులు ఒక్క నెత్తిన పెట్టిందెవరు? ఆ సంస్థకి యజమాని మన ప్రభుత్వమే కదా, ఫలానా పెద్దమనిషిని పిలిచి సంజాయిషీ అడిగినట్టు మీలో యెవరికైనా గుర్తుందా?

అమెరికావాళ్ళు మనకన్నా మెరుగనుకునేరు! 2008 నవంబరులో జనరల్ మోటార్స్, ఫోర్డ్, క్రైస్లర్ అధిపతులు ముగ్గురూ 2,500 కోట్ల డాలర్ల సాయం అడగడానికి వాషింగ్టన్ వెళ్ళారు. యెలా? యెవరి ప్రత్యేక విమానంలో వాళ్ళు! మామూలు విమానంలో తిరిగి వెళ్ళేవాళ్ళు చెయ్యెత్తండి అని సభలో అడిగితే ఒక్క చెయ్యీ లేవలేదు. జనం నవ్వాక, డిసెంబరులో బుద్ధిగా కార్లలో వచ్చారు. జనరల్ మోటార్స్‌ని 2000 నుంచీ నడిపిన రిక్ వాగనర్ 2009 మార్చిలో దిగిపోయాడు. అదీ అప్పిచ్చిన ప్రభుత్వం దిగమంటేనే! అప్పటికే వేలమంది కార్మికులు వీధిన పడ్డారు. జూన్ 1న కంపెనీ దివాలా పిటిషను పెట్టింది.

"పోటీ అండీ, కాలం అండీ, పెట్రోలు ధరలండీ" అంటారు. నిజమే, కాదనను. కానీ మబ్బు పడుతోందో లేదో చూడమనే కదా వారిని మేడమీద కూర్చోబెట్టింది! వడియాలన్నీ తడిశాక "వాన వచ్చిందండీ" అని చెప్పడానికి అంత జీతమెందుకు? ఆ మాట కిందనున్న మేమూ చెప్పగలం.

నేను వారిని జైల్లో పెట్టమనడం లేదు. లాభం వచ్చిన యేడు బోనసు అందుకున్న చెయ్యి, నష్టం వచ్చిన యేడు అందులో కొంతైనా తిరిగివ్వాలి. కార్మికుడి పేరు కొట్టేసే ముందు, ఆ తప్పుడు నిర్ణయం కింద సంతకం చేసినవారి పేరు బయటికి చదవాలి. ప్రజల సొమ్ముతో నడిచే సంస్థలో అయితే మరీను.

చెంచాకో న్యాయం, సంస్థకో న్యాయం అయితే, పాపం ఆ పనిమనిషిని అడిగే హక్కు మనకి మాత్రం యెక్కడిది?