నిరాకరించుటయు ప్రజాసేవయే

2017 జూన్ నెలలో డెబియన్ అను లినక్సు డిస్ట్రిబ్యూషన్ తన 9వ సంఖ్యగల స్టేబుల్ విడుదలను లోకమునకు సమర్పించినప్పుడు, వేలకొలది ప్యాకేజీల నడుమ, అంతకు పూర్వపు విడుదలలో స్థానము కలిగి, దేశదేశముల విద్యార్థులకును ఉపాధ్యాయులకును చిరపరిచితమైయుండిన వర్చువల్‌బాక్స్ అను సాఫ్ట్‌వేరు కానరాలేదు. 2019లోను, 2021లోను, 2023లోను వచ్చిన తరువాతి విడుదలలయందును దానికి చోటు దొరకలేదు. వాడువారు కొఱవడుటగాని, ప్యాకేజీగా కట్టగల సమర్థులు లేకపోవుటగాని ఇందుకు హేతువు కాదు. దానియందు భద్రతాలోపము బయటపడిన నాడు, ఆ లోపమును మాత్రము సవరించి, తక్కిన భాగమును కదలింపక వినియోగదారులకు అందించుటకు ఆవశ్యకమైన వివరములు దాని స్వామ్యము వహించిన ఓరకిల్ సంస్థ నుండి లభింపకుండుటయే హేతువు. అనేకులకు అసౌకర్యము కలిగించిన ఈ నిర్ణయము న్యాయమైనదనియు, సాఫ్ట్‌వేరును ప్రజలకు పంచిపెట్టువారి ధర్మమెట్టిదో దీనివలన స్పష్టపడుచున్నదనియు, ఆ ధర్మభారమును మోయుటలో మన విద్యాసంస్థలు పాలుపంచుకొనవలసిన సమయము వచ్చినదనియు నా దృఢవిశ్వాసము.

వర్చువల్‌బాక్స్ చేయు పనికి వర్చువలైజేషన్ అని పేరు; అనగా ఒక కంప్యూటరులోనే మఱియొక కంప్యూటరును సృష్టించు విద్య. అతిథిగా లోపల నడచు ఆపరేటింగ్ సిస్టము తనకు స్వంతమైన ప్రాసెసరు, మెమరీ, డిస్కు, నెట్‌వర్కు కార్డు కలవనియే వర్తించును. యథార్థమునకు అవన్నియు వెలుపలి యంత్రము పంచియిచ్చినవే. ఈ విద్య నేడు పుట్టినది కాదు. ఐ.బి.ఎం. సంస్థ 1972లోనే వి.ఎం./370 అను పేరున తన మెయిన్‌ఫ్రేములపై దీనిని నెలకొల్పినది. 2005లో ఇంటెల్, 2006లో ఎ.ఎం.డి. సంస్థలు తమ ప్రాసెసర్లయందే ఇందుకు అనువగు ఏర్పాట్లు చేయగా, సామాన్యుని బల్లమీది కంప్యూటరునకును ఇది సులభసాధ్యమైనది. రైలు టికెట్టు కొనునప్పుడును, పరీక్షా ఫలితము చూచుకొనునప్పుడును, ఆవలనుండి మనకు బదులిచ్చు సర్వర్లలో అనేకములు నేడు ఇట్టి వర్చువల్ మెషీన్లే. ఒకే యంత్రముపై పరస్పరము ఎఱుగని పలువురి కార్యములు నడచునప్పుడు, ఒకరి గుట్టు మఱియొకరికి పొక్కకుండ నిలుపు అడ్డుగోడ ఈ సాఫ్ట్‌వేరే. కావున తక్కిన ప్రోగ్రాములలో దొరలిన తప్పు దానిని వాడినవానినే బాధింపవచ్చునుగాని, ఇందు దొరలిన తప్పు గోడకు ఇరువైపులనున్న వారినందఱను బాధించును.

ఇట్టి సాఫ్ట్‌వేరును వ్రాయువారొకరు, వాడువారొకరు. ఈ యిరువురి నడుమ నిలిచియుండు మూడవవాడు ప్యాకేజీ మెయింటైనరు. లినక్సు కెర్నల్ తానొక్కటియే ఎవరి పనికిని చాలదు. దానికి తోడుగా కంపైలర్లు, లైబ్రరీలు, ఎడిటర్లు, బ్రౌజర్లు మున్నగువానిని సమకూర్చి, ఒకదానితో నొకటి పొసగునట్లు పరీక్షించి, ఒక్క కమాండుతో కంప్యూటరులో అమరునట్లు కట్టియిచ్చు సమష్టి కృషికే డిస్ట్రిబ్యూషన్ అని పేరు. 1993లో ఇయాన్ మర్డాక్ స్థాపించిన డెబియన్, తన 12వ సంఖ్యగల విడుదలయందు 64,000కు పైగా ప్యాకేజీలను కూర్చినది. ఇంతటి భారమును వహించువారిలో అధికసంఖ్యాకులు స్వచ్ఛంద సేవకులు. చెఱువు త్రవ్వినవాడును కాక, పొలము దున్నువాడును కాక, తూముకడ కావలియుండి ఏ మడికి ఎప్పుడు ఎంత నీరు పారవలెనో కనిపెట్టు నీరటికాని వలె, మెయింటైనరు జాగరూకుడై యున్నంతకాలము ఎవరికిని జ్ఞప్తికి రాడు. అతడు ఏమఱిన దినమున ఆయకట్టంతయు నష్టపడును.

ప్యాకేజీ కట్టుట యనగా ఫైళ్ళను ఒకచోట మూటగట్టుటయే యని తలచువారు కలరు. ఆ పనిలోని శ్రమ యెట్టిదో తెలియుటకు క్యూఎమ్యూ అను సాఫ్ట్‌వేరును పరికింతము. ఫ్రాన్సుదేశపు ఫాబ్రిస్ బెల్లార్డ్ 2003లో లోకమునకు ఒసగిన, ఒక యంత్రమును మఱియొకదానిపై అనుకరించు ఈ ఎమ్యులేటరు, అవి కివిటి ఆరంభింపగా 2007 ఫిబ్రవరిలో 2.6.20 కెర్నల్‌తో లినక్సులో అంతర్భాగమైన వర్చువలైజేషన్ మాడ్యూలగు కె.వి.ఎం.తో జతపడి, నేడు ప్రపంచమందలి బహుళ డేటా కేంద్రములకు ఆధారమైయున్నది. దీని కర్తలు విడుదల చేయు సోర్స్ కోడు మూటలో, వర్చువల్ మెషీను మేల్కొనుటకు వలయు ఫర్మ్‌వేరు, ముందుగనే కంపైల్ చేయబడిన బైనరీల రూపమున చేరియుండును. డెబియన్ మెయింటైనర్లు ఆ బైనరీలను తొలగించి, సీబయోస్, ఐపిఎక్స్‌ఇ మొదలగు ఒక్కొక్క ఫర్మ్‌వేరును దాని మూలము నుండి తామే వేరుగా కంపైల్ చేసికొందురు. మూలము కానరాని దానిని పరీక్షింపజాలము, పరీక్షింపజాలని దానిని సవరింపజాలము, సవరింపజాలని దానికి పూచీపడజాలము అను తర్కమే ఈ శ్రమకు ప్రేరకము.

అంతటితో పని ముగియదు. ప్రతి ఫైలునకును ఏ లైసెన్సు వర్తించుచున్నదో పరిశీలించి లిఖింపవలెను. ఇంటెల్ యంత్రమును అనుకరించు భాగము కోరినవాడు ఆర్మ్ యంత్రపు భాగమును మోయనక్కఱలేకుండ ఒక సాఫ్ట్‌వేరునే పలు ప్యాకేజీలుగా విభజింపవలెను. కె.వి.ఎం. పరికరమును తాకు అధికారము ఏ గ్రూపునకు ఉండవలెనో నిర్ణయింపవలెను. ఒక వర్చువల్ మెషీను తనకు చెందని డిస్కును తెఱువకుండునట్లు, ప్రోగ్రాముల హద్దులు నియమించు యాప్‌ఆర్మర్ కట్టుబాట్లు అమర్పవలెను. పూర్వపు విడుదల నుండి క్రొత్తదానికి మారినవాని వర్చువల్ మెషీన్లు చెడకుండ లేచుచున్నవో లేదో సరిచూడవలెను. వీనిలో ఏ యొక్కటియు వినియోగదారుని కంటబడదు. ఏ యొక్కటి తప్పినను అతడు చిక్కులపాలగును.

వర్చువల్‌బాక్స్ చరిత్ర వేఱొక త్రోవను నడచినది. జర్మనీలోని ఇన్నోటెక్ సంస్థ 2007 జనవరిలో దీని ప్రధానభాగమును జి.పి.ఎల్. అను స్వేచ్ఛా లైసెన్సు క్రింద వెల్లడించెను. మఱుసటి సంవత్సరము సన్ మైక్రోసిస్టమ్స్ ఆ సంస్థను కొనెను. 2010లో సన్ సంస్థయే ఓరకిల్ వశమయ్యెను. అనంతరము వచ్చిన 4.2 సంఖ్యగల రూపములో, దాని బయోస్‌ను నిర్మించుటకు ఓపెన్ వాట్‌కామ్ అను కంపైలరు ఆవశ్యకమయ్యెను. ఆ కంపైలరు లైసెన్సు డెబియన్ స్వేచ్ఛా నియమములకు ఒదుగనందున, వర్చువల్‌బాక్స్ డెబియన్ ముఖ్యశాఖయగు మెయిన్ నుండి కాంట్రిబ్ అను ఉపశాఖకు తొలగింపబడినది. దీనికి తోడు, వర్చువల్‌బాక్స్ నడచుటకు కెర్నల్‌లోనికి చొప్పింపవలసిన మాడ్యూలు, కె.వి.ఎం. వలె కెర్నల్‌లో భాగము కాక వెలుపలనే నిలిచిపోయినది. కెర్నల్ మారిన ప్రతిసారియు వినియోగదారుని కంప్యూటరులోనే దానిని మరల కంపైల్ చేయవలసియుండును. ఫెడోరా అను మఱియొక డిస్ట్రిబ్యూషన్‌వారు వర్చువల్‌బాక్స్‌ను తమ అధికార భాండారమున చేర్చకుండుటకు ఇట్టి వెలుపలి మాడ్యూళ్ళను అంగీకరింపని వారి నియమమే కారణము.

ఇవి కష్టములేగాని అధిగమింపరానివి కావు. అధిగమింపరానిది భద్రత విషయమున ఎదురైనది. స్టేబుల్ విడుదల యనగా ఒక వాగ్దానము: ఇందలి సాఫ్ట్‌వేరు రూపము మారదు, కాని లోపము బయటపడినప్పుడు దానిమట్టుకు సవరింపబడును అనునది దాని సారాంశము. సుమారు మూడు సంవత్సరములును, ఆపై దీర్ఘకాల సేవాబృందముచే మఱి రెండు సంవత్సరములును డెబియన్ ఈ మాట నిలుపుకొనుచున్నది. 2015 మే నెలలో వెనమ్ అను పేర ప్రసిద్ధమైన లోపము బయల్పడినది. ఫ్లాపీ డిస్కును అనుకరించుటకై 2004 ప్రాంతమున క్యూఎమ్యూలో చేరిన కోడులోని దోషమిది. ఫ్లాపీలను లోకము మఱచిన పిమ్మటను అది అచ్చటనే పడియుండి, అతిథి యంత్రములోనివాడు ఆతిథేయ యంత్రములోనికి చొరబడుటకు మార్గమిచ్చెడిది. ఆ దోషమునకు క్యూఎమ్యూవారి సవరణ స్వల్పమైనది, బహిరంగమైనది. ఏ పంక్తి ఏల మారినదో విశదమైనది. కావున అప్పటికి ప్రచారములోనున్న పాత రూపములకు సైతము దానిని అతికించుట సాధ్యమైనది.

ఓరకిల్ ఆచారము దీనికి భిన్నము. సంవత్సరమునకు నాలుగుమారులు ఆ సంస్థ ప్రకటించు భద్రతా పట్టికలో, ఫలానా సాఫ్ట్‌వేరులో ఫలానా తీవ్రతగల లోపము కలదని తెలియునేగాని, ఏ మార్పుచే అది మానినదో తెలియదు. క్రొత్త రూపమును సాంతముగ తెచ్చుకొనుడని మాత్రమే సలహా. సోర్స్ కోడును ఓరకిల్ దాచలేదను మాట నిజము. అయినను వేలకొలది పంక్తుల మార్పుల నడుమ లోపమును మాన్పిన పంక్తులేవో వేరుపఱుపనిచో, మూడేండ్ల నాటి రూపమును కాపాడుట మెయింటైనరునకు అసాధ్యమగును. చేయలేనని యెఱిగియు చేసెదనని చెప్పుట అసత్యము. డెబియన్‌వారు ఆ అసత్యమునకు ఒడిగట్టక, ఈ సాఫ్ట్‌వేరునకు మేము పూచీపడజాలము, వలసినవారు కర్తల యొద్దనుండియే తెచ్చుకొనవచ్చును అని బహిరంగముగ తెలిపిరి. జనాదరణగల వస్తువును ప్రదర్శించి, లోపల దాని సంరక్షణను గాలికి వదలుట సులభము; విమర్శకు గురియైనను సత్యమును చెప్పుట కష్టము. ఆ కష్టమును స్వీకరించినందుననే వారు మన గౌరవమునకు పాత్రులు.

ఇందుకు ప్రతివాదములు లేకపోలేదు. వినియోగదారునకు కావలసినది సౌకర్యమేగాని సిద్ధాంతము కాదనియు, కర్తలే తమ సాఫ్ట్‌వేరును నేరుగా అందింపగల యీ కాలమున నడుమ మూడవవాని ప్రమేయమేల యనియు కొందఱందురు. మూడవవాడు సైతము పొరపడునుగదా యని మఱికొందఱందురు. ఈ రెండవ వాదము బలమైనది. 2006లో డెబియన్ మెయింటైనరొకరు, సమాచారమును గుప్తపఱచు ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీలో చేసిన స్వల్పమైన మార్పు మూలమున, రహస్యపు తాళములను సృష్టించు యాదృచ్ఛికత క్షీణించి, ఒక్కొక్క విధమైన తాళమునకు 32,768 రూపములకు మించి సాధ్యము కాని దుఃస్థితి యేర్పడినది. 2008 మే నెల వరకు అది లోకమునకు వెల్లడి కాలేదు. ఈ దోషమును తక్కువచేసి చెప్పరాదు.

కాని కర్తలను గ్రుడ్డిగా నమ్మినచో ఏమగునో 2024 మార్చిలో, ఫైళ్ళను కుదించు సాఫ్ట్‌వేరగు ఎక్స్‌జెడ్ ఉదంతము తేటపఱచినది. చాలకాలముగ నమ్మకము సంపాదించిన ఒక సహకర్త, బహిరంగ భాండారములో కానరాని దుష్ట భాగమును విడుదల మూటలో చేర్చి, దూరమునుండి కంప్యూటరులో ప్రవేశించుటకు వాడు ఎస్‌ఎస్‌హెచ్‌లో దొంగదారి తెఱువ యత్నించెను. ఎస్‌ఎస్‌హెచ్‌కు కొన్ని డిస్ట్రిబ్యూషన్లు తామై చేర్చిన సవరణయే ఆ దారికి తావిచ్చిన మాటయు దాచరానిది. లాగిన్ అగుటలో అర సెకను జాప్యమేలనో యని సందేహించిన ఆండ్రెస్ ఫ్రాయిండ్ అను ఇంజనీరు దీనిని పసిగట్టెను. అప్పటికది డెబియన్ ప్రయోగశాఖలకు చేరినను స్టేబుల్ విడుదలను తాకలేదు. తొందరపడి క్రొత్తదానిని మ్రింగక వేచియుండు సంప్రదాయమే కోట్లమందిని కాపాడినది. ఈ రెండు ఉదంతముల నుండి నేను గ్రహించు నీతి యొక్కటే: మెయింటైనరు అనవసరుడనుట కాదు, అతడు ఒంటరిగా నుండరాదనుట. 2006 నాటి మార్పును శ్రద్ధతో పరిశీలించు మఱి రెండు కన్నులున్నచో ఆ తాళములు బలహీనపడెడివి కావు.

ఆ కన్నులు మన యొద్ద లేవా? భారత ప్రభుత్వ సంస్థయగు సీ-డాక్ రూపొందించిన బాస్ లినక్సు డెబియన్ పునాదిపైననే నిలిచినది. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రముల ఇంజనీరింగు కళాశాలలలో లినక్సును తొలిసారి చూచు విద్యార్థులు అనేకులు, విండోస్ కంప్యూటరులో వర్చువల్‌బాక్స్ తెఱచియే దానిని చూచుచున్నారు. హైదరాబాదు మొదలుకొని అమెరికా వరకు క్లౌడు సంస్థలలో పనిచేయు తెలుగువారి జీవికయే వర్చువల్ మెషీన్లమీద ఆధారపడియున్నది. ఇంతగా అనుభవించుచున్న మనము ఆ వస్తువును శుద్ధిచేసి యిచ్చు పనిలో పాలుగొనుట విద్యుక్తధర్మము.

చేయవలసినది దుష్కరము కాదు. డెబియన్ పనిలో ప్రవేశించుటకు రుసుము లేదు, పట్టా అక్కఱలేదు. చిన్న లోపమును సరిదిద్ది పంపినచో అనుభవజ్ఞుడొకడు పరిశీలించి తన పూచీపై చేర్చును, కాలక్రమమున ఆ అధికారము నేర్చినవానికే సంక్రమించును. మన విశ్వవిద్యాలయములు అంతిమ సంవత్సరపు ప్రాజెక్టులలో, సమర్పించిన దినముననే మూలబడు ప్రోగ్రాములకు బదులు, వాడుకలోనున్న ఒక ప్యాకేజీ సంరక్షణను అంగీకరించి, దానికి తగిన మార్కులు కేటాయింపవలెను. లాబొరేటరీలలో వర్చువల్‌బాక్స్‌తో పాటు క్యూఎమ్యూ, కె.వి.ఎం.లను నేర్పి, వాని సోర్స్ ప్యాకేజీని విప్పి మరల కట్టుటను ఒక అభ్యాసముగ నియమింపవలెను. లినక్సుపై ఆధారపడిన ప్రభుత్వశాఖలును కంపెనీలును తమ ఇంజనీర్లకు ఈ పనికై వేతనముతో కూడిన కాలమును కేటాయింపవలెను. అట్లు శిక్షణ పొందినవాడు ఏ సాఫ్ట్‌వేరును చేతికి తీసికొన్నను, ఇది నేడు పనిచేయునా అని మాత్రమే కాక, ఐదేండ్లకు చెడినప్పుడు దీనిని ఎవరు సవరింతురు, సవరించుటకు వలసినది వారి చేతిలో నున్నదా అని ప్రశ్నించును. ఆ ప్రశ్నకు సమాధానము లేనిచోట కాదనగల ధైర్యము కలవారు మనలోనుండి పదిమంది బయలుదేరినను, మనము ఇంతకాలము ఉచితముగ అనుభవించిన ఉపకారమునకు అది తగిన ప్రత్యుపకారమగును.