ఆ తమ్ముణ్ణి చూసి నవ్వకండి

అన్నలూ తమ్ముళ్ళూ, కోఠి గుజరాతీ గల్లీలో రెసిస్టర్లు కొనుక్కొచ్చి, ఇంట్లో రేడియో విప్పి నాన్నతో తిట్లు తిన్నవాళ్ళం మనం. సికింద్రాబాద్ సీటీసీలో పాత ర్యామ్ కోసం బేరాలాడినవాళ్ళం. ఇప్పుడు మెల్‌బోర్న్‌లో రాత్రంతా వేర్‌హౌస్‌లో డబ్బాలు మోసి పొద్దున పడుకుంటున్నాం.

మా రూములో ఒక తమ్ముడు మాత్రం షిఫ్టు దిగాక కూడా పాత ల్యాప్‌టాప్ విప్పుకుని కూర్చుంటాడు. "ఎందుకురా ఈ చెత్త?" అని మేమే నవ్వాం. తప్పు మాదే.

ఇక్కడ విక్టోరియాలో 2019 జులై 1 నుంచి పాత ఎలక్ట్రానిక్ సామాను చెత్తకుప్పకి పంపడం నిషేధం. అంటే బాగుచేసే చేతులకి ఇక్కడా విలువ ఉంది. చాలా సబర్బుల్లో రిపేర్ కేఫ్‌లు నడుస్తున్నాయి. ఆఫ్ ఉన్న రోజు వెళ్తే చేతికి పనీ దొరుకుతుంది, ఇంగ్లీషూ వస్తుంది, నలుగురూ పరిచయమవుతారు. ఒక్కటే జాగ్రత్త: లైసెన్సు లేకుండా ఇంటి వైరింగు మాత్రం ముట్టుకోవద్దు, చట్టం ఒప్పుకోదు.

వీసా ఫారంలో ఈ పిచ్చికి గడి లేదు. మనమైనా గుర్తిద్దాం. నవ్వడం మానేసి, తలా ఐదు డాలర్లు వేసుకుని వాడికో మంచి స్క్రూడ్రైవర్ సెట్టు కొనిద్దాం.