వాటా పుచ్చుకున్నవారే జవాబు చెప్పాలి

2024 జులై 10న తెలంగాణ సైబర్ సెక్యూరిటీ బ్యూరో పోలీసులు యూట్యూబర్ ప్రణీత్ హనుమంతును బెంగళూరులో అరెస్టు చేశారు. ఓ తండ్రి, పసికూతురు కలిసి ఉన్న వీడియోను ముందు పెట్టుకుని, లైవ్‌లో మరికొందరితో కలిసి ఆయన చేసిన వ్యాఖ్యలు ఇక్కడ మళ్లీ రాయదగినవి కావు. పోక్సో, ఐటీ చట్టాల కింద కేసు పెట్టారు. దోషం ఎంతో కోర్టు తేలుస్తుంది. అయితే ఈ వ్యవహారం కదిలింది ఓ నటుడు నోరు విప్పినందువల్ల. అంతకు మూడు రోజుల ముందు సాయి ధరమ్ తేజ్ ఎక్స్‌లో ఆ సంగతి బయటపెట్టి, రెండు రాష్ట్రాల ముఖ్యమంత్రులనూ ఉప ముఖ్యమంత్రులనూ జోక్యం చేసుకోమని కోరారు. మంచు మనోజ్ గొంతు కలిపారు. ‘హరోం హర’లో ఆ యూట్యూబర్‌కు వేషం ఇచ్చినందుకు సుధీర్ బాబు క్షమాపణ చెప్పారు.

పసిబిడ్డ గురించి నీచంగా మాట్లాడితే ఆపించడానికి సినిమా హీరో కావలసి వచ్చింది. ఆ బిడ్డ తండ్రి మామూలుగా ఫిర్యాదు చేస్తే ఇంత వేగంగా కదిలేవారా? అక్కడ మాట్లాడినవారి మీద కేసులు, తిట్లు, చర్చలు అన్నీ అయ్యాయి. ఆ మాటలను జనం ఫోన్లలోకి చేర్చిన వేదికను మాత్రం గట్టిగా నిలదీసినవారు తక్కువ.

ఆ వేదిక బెంగళూరు తెలుగువారమైన మనకు దూరంగా ఏమీ లేదు. యూట్యూబ్ యజమాని గూగుల్ 2025 ఫిబ్రవరిలో ‘అనంత’ పేరుతో పెద్ద క్యాంపస్‌ను ప్రారంభించింది మహదేవపురలోనే. కాడుగోడి ఉన్నదీ మహదేవపుర నియోజకవర్గంలోనే. అనంతపురం, చిత్తూరు, కడప నుంచి ఉద్యోగాలకు వచ్చి కాడుగోడి, వైట్‌ఫీల్డ్‌లలో స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు ఎన్నో. చల్లఘట్ట వైపు వెళ్లే పర్పుల్ లైన్ మెట్రో ఇక్కడే మొదలవుతుంది. చెవిలో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని తెలుగు పాడ్‌కాస్టులు వింటూ వెళ్లేవారు ఏ బోగీలో చూసినా కనిపిస్తారు. ఈ శ్రోతలే ఆ వేదికల ఆదాయం. అందుకే వేదిక బాధ్యత ఏమిటన్న ప్రశ్న అడగాల్సింది మనమే.

ఒక లెక్క చూడండి. చానల్‌లో మామూలు నిడివి వీడియోల మీద నడిచే యాడ్ల డబ్బులో యూట్యూబ్ 55 శాతం చానల్ నడిపేవారికి ఇచ్చి, 45 శాతం తను ఉంచుకుంటుంది. లైవ్‌లో ప్రేక్షకులు పంపే సూపర్ చాట్ డబ్బులో 30 శాతం కంపెనీదే. స్పాటిఫై ఇంకో అడుగు ముందుకేసి, 2020లో అమెరికా పాడ్‌కాస్టర్ జో రోగన్ షోను తన దగ్గర మాత్రమే వినిపించేలా భారీ సొమ్ముతో ఒప్పందం చేసుకుంది. లాభం వచ్చినప్పుడు భాగస్వామి, తప్పు జరిగినప్పుడు దారినపోయేవాడు అనే పద్ధతి మన ఊళ్లో కిరాణా కొట్టు వ్యాపారంలో కూడా చెల్లదు.

కంపెనీలు అడ్డం పెట్టుకునేది ఐటీ చట్టం 79వ సెక్షన్‌ను. ఇతరులు పెట్టిన సమాచారాన్ని మోసుకెళ్లే మధ్యవర్తికి రక్షణ ఇచ్చే సెక్షన్ అది. కానీ అందులోనే షరతులున్నాయి. సమాచారం ఎవరికి అందాలో మధ్యవర్తి తాను ఎంపిక చేయకూడదన్నది వాటిలో ఒకటి. మనం వెతకని వీడియోను తెచ్చి మన ముందు పెట్టేది ఎవరు? ఒకటి అయ్యీ అవ్వగానే రెండోది మొదలుపెట్టేది ఎవరు? ఫలానా మనిషికి ఫలానా షో అని నిర్ణయించేది ఆ కంపెనీ రాసిన అల్గారిదమ్. అలా గ్రహీతను ఎంపిక చేసినవారు మధ్యవర్తి రక్షణ కోరడం ఆ చట్టం ఉద్దేశానికే విరుద్ధమని మా అభిప్రాయం.

ఈ వాదనలు తెలుగు నేలకు కొత్త కావు. సికింద్రాబాద్‌కు చెందిన విశాఖ ఇండస్ట్రీస్, గూగుల్ గ్రూప్స్‌లో 2008లో వచ్చిన రాతల మీద పరువునష్టం కేసు పెట్టింది. ఆ సేవలు నడిపేది మాతృసంస్థ, మేం కేవలం అనుబంధ సంస్థ అన్నది గూగుల్ ఇండియా వాదన. కేసు కొట్టేయడానికి 2011లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు ఒప్పుకోలేదు. 2019 డిసెంబరులో సుప్రీంకోర్టూ ఒప్పుకోలేదు. ఓ పెద్ద పరిశ్రమకే అసలు విచారణ దాకా చేరడానికి పదేళ్లకు పైగా పట్టింది. మామూలు మనిషి సంగతి వేరే చెప్పాలా?

కళాకారుల నిరసన విలువ ఇక్కడే తెలుస్తుంది. రోగన్ షోలో కోవిడ్ వ్యాక్సిన్ల మీద సాగిన అసత్య ప్రచారానికి నిరసనగా 2022 జనవరిలో గాయకుడు నీల్ యంగ్ స్పాటిఫై నుంచి తన పాటలు తీయించుకున్నారు. గాయని జోనీ మిచెల్ ఆయన బాట పట్టారు. ఇద్దరూ చిన్నతనంలో పోలియో బారిన పడ్డవారు. టీకా లేని రోజులు ఎలా ఉంటాయో శరీరంతో అనుభవించినవారి మాట అది. నల్లజాతి వారి గురించి రోగన్ వాడిన మాటలను ఎత్తిచూపుతూ గాయని ఇండియా అరీ కూడా తప్పుకున్నారు. రోగన్ క్షమాపణ చెప్పారు. 70 దాకా పాత ఎపిసోడ్లు మాయమయ్యాయి. స్పాటిఫై తన నియమావళిని తొలిసారి జనం ముందు పెట్టింది కూడా ఈ ఒత్తిడి వల్లనే. కానీ 2024లో రోగన్ షో మిగతా వేదికలకూ పాకింది. అన్నిచోట్ల నుంచీ తప్పుకోలేక యంగ్ తిరిగి వచ్చారు. కళాకారుడి త్యాగం తలుపు తెరిపించగలదు. దాన్ని తెరిచి ఉంచాల్సింది చట్టం.

అలాగని కత్తెర ప్రభుత్వం చేతికి ఇవ్వమని మేం అనడం లేదు. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు, ఆన్‌లైన్ రాతలకు జైలు శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్‌ను కొట్టేసింది. దాన్ని దొడ్డిదారిన తిరిగి తెచ్చే ప్రయత్నం ఎవరు చేసినా వ్యతిరేకిస్తాం. 2025 ఫిబ్రవరిలో ముంబయి పాడ్‌కాస్టర్ రణవీర్ అల్లాబాదియా ఓ కామెడీ షోలో చేసిన అసభ్య వ్యాఖ్య వివాదంలో ప్రభుత్వ ఆదేశం వచ్చాకే యూట్యూబ్ ఆ ఎపిసోడ్‌ను ఆపింది. తన నియమాలను తాను పాటించని కంపెనీయే సెన్సారుకు దారి వేస్తుంది. ఇంకో తేడా కూడా మరచిపోరాదు. తన పాటను తాను వెనక్కి తీసుకోవడం నిరసన. ఎదుటివాడి సినిమా ఆడనివ్వకపోవడం దౌర్జన్యం. 2025 జూన్‌లో కర్ణాటకలో విడుదల కాకుండా అడ్డుకున్న ‘థగ్ లైఫ్’ సినిమా వ్యవహారంలో ఆ రాష్ట్ర ప్రభుత్వానికి సుప్రీంకోర్టు గుర్తు చేసింది ఇదే.

పార్లమెంటు 79వ సెక్షన్‌ను సవరించాలి. డబ్బు పంచుకుని, తానే సిఫారసు చేసిన కార్యక్రమం విషయంలో వేదికకు రక్షణ ఉండకూడదు. పిల్లల గురించి ఫిర్యాదు వచ్చిన చానల్‌కు, అది తేలేదాకా ఆదాయమూ సిఫారసులూ నిలిపివేయాలి. తొలగించమన్నా, ఉంచమన్నా తుది మాట స్వతంత్ర న్యాయవ్యవస్థదే కావాలి. తెలుగు యాస, తెలుగు బూతు, తెలుగు ద్వంద్వార్థం తెలిసిన పరిశీలకులను ఎంతమందిని పెట్టారో, ఎన్ని తెలుగు ఫిర్యాదులు పరిష్కరించారో నెలవారీ నివేదికల్లో విడిగా చెప్పాలి.

తెలుగు సినీ పరిశ్రమకూ ఒక మాట. విడుదలకు ముందు వారం మీ తారలు వరుసగా కూర్చునేది ఇలాంటి చానళ్ల ముందే. వాళ్లకు పరువు తెచ్చిపెట్టేది మీ ముఖాలే. ఆడవారినీ పిల్లలనూ కించపరిచిన చానల్‌కు ప్రమోషన్ ఇంటర్వ్యూ ఇచ్చేది లేదని ఫిలిం చాంబర్, నిర్మాతల మండలి కలిసి తీర్మానం చేయండి. వచ్చే సినిమా విడుదల నుంచే అమలు చేయండి.