తాళం మనది, తాళంచెవి నెట్ సెంటర్ దగ్గర

కాస్త పెద్ద పోస్టే. ఓపిగ్గా చదవండి. ముఖ్యంగా ఈ ఏడాదే కాలేజీలో చేరిన తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, ఇది మీ కోసమే.

మేం ద్రాక్షారామంలో హాస్టల్లో ఉంటూ డిగ్రీ చదువుతున్నాం. మారేడుమిల్లి, వై.రామవరం, అడ్డతీగల, కూనవరం... ఇలా తలో దిక్కు నుంచి వచ్చినవాళ్ళం. మాలో చాలామంది ఇళ్ళల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే మాకు ఏ ఫారం ఎలా నింపాలో చెప్పే అన్నయ్యలు, అక్కయ్యలు ఇంట్లో లేరు. ఏదైనా దెబ్బ తగిలాకే నేర్చుకుంటాం. ఈమధ్య తగిలిన దెబ్బ పాస్‌వర్డ్ దెబ్బ.

మా జూనియర్ ఒకడున్నాడు. పేరు వద్దు. స్కాలర్‌షిప్ రెన్యువల్ చేసుకోవాలి, లాగిన్ కావట్లేదు. పాస్‌వర్డ్ ఏంట్రా అంటే "నాకేం తెలుసన్నా, ఇంటర్‌లో నెట్ సెంటరాయనే పెట్టాడు" అన్నాడు. వాళ్ళ ఊరి దగ్గర సంతకి వెళ్ళి చూస్తే ఆ సెంటర్ లేదు, అక్కడ చికెన్ షాపు ఉంది. సరే, పాస్‌వర్డ్ మర్చిపోయాం అని నొక్కితే ఓటీపీ వాళ్ళ నాన్న నంబర్‌కి వెళ్తోంది. ఆ సిమ్‌కి రీచార్జి చెయ్యక నెలలైంది. ఫోన్ చేస్తే ఎవరో హిందీలో మాట్లాడి పెట్టేశారు. అంటే ఆ నంబర్ ఇప్పుడు వేరే వాళ్ళది. ఈమెయిల్ చూద్దామంటే అది కూడా ఆ సెంటరాయన సొంత మెయిలే, పదిమంది పిల్లలకి అదే ఇచ్చాడంట.

వీడు తిరిగేలోపు గడువు తేదీ దాటిపోయింది. ఫీజు చేతినుంచి కట్టాలన్నారు. కూలికెళ్ళి కొంత సంపాదించుకొని వస్తానని ఇంటికెళ్ళాడు. పండక్కి ముందు వెళ్ళాడు. వాడి మంచం మీద పరుపు చుట్టి ఉంది, ఇంకా రాలేదు.

ఎవడూ హ్యాక్ చెయ్యలేదు, ఎవడూ దొంగతనం చెయ్యలేదు. అయినా వాడి ఏడాది పోయేలా ఉంది. ఇదే మమ్మల్ని ఎక్కువ బాధపెట్టింది.

ఆ రాత్రి నుంచి మా రూముల్లో ఒకటే వాదన. పాస్‌వర్డులు ఎక్కడ దాచుకోవాలి? మన దగ్గరే, అంటే నోటుబుక్కులోనో మన ఫోన్లోనో ఉంచుకోవాలా, లేక క్లౌడ్‌లో, అంటే ఇంటర్నెట్ మీద ఎక్కడో కంపెనీవాళ్ళ కంప్యూటర్లలో పెట్టాలా? రెండు పార్టీలయ్యాయి. రెండిటి మాటా చెప్పి, తర్వాత మా అభిప్రాయం చెప్తాం.

"మన దగ్గరే" అనేవాళ్ళ మాట ఇది. మన వస్తువు మన చేతిలో ఉండాలి. ఎవడిదో కంప్యూటర్ మీద నమ్మకమేంటి? వాళ్ళు లాస్ట్‌పాస్ సంగతి చూపించారు. అది పాస్‌వర్డులు దాచిపెట్టే పెద్ద కంపెనీ. 2022 ఆగస్టులో దొంగలు లోపలికి దూరారు. అక్కడ దొరికిన సమాచారంతో మళ్ళీ వచ్చి, క్లౌడ్‌లో ఉన్న కస్టమర్ల పాస్‌వర్డు పెట్టెల నకళ్ళే ఎత్తుకుపోయారు. ఆ విషయం కంపెనీ డిసెంబరులో చెప్పింది. పాస్‌వర్డులు గుప్తలిపిలోనే ఉన్నాయి గానీ, ఎవరికి ఏ వెబ్‌సైట్లో ఖాతా ఉందో మాత్రం తెరిచిన పుస్తకంలా ఉండిపోయింది. పాస్‌వర్డులు దాచడమే పనిగా పెట్టుకున్నవాళ్ళకే ఇలా అయితే మన గతేంటి?

ఇంకో మాట కూడా అన్నారు. మన ఊళ్ళల్లో సిగ్నల్ ఏది? గుర్తేడు వైపు వెళ్తే ఫోన్ పట్టుకొని గుట్టెక్కాలి. నెట్ లేనిచోట క్లౌడ్ ఏం చేస్తుంది? దానికన్నా కీపాస్ లాంటిది పెట్టుకుంటే సరి. 2003 నుంచి ఉంది, ఉచితం, అందులో పాస్‌వర్డులన్నీ ఒకే ఫైలులో తాళం వేసి మన ఫోన్లోనే ఉంటాయి. నెట్‌తో పని లేదు.

"క్లౌడ్" అనేవాళ్ళ మాట ఇంకోలా ఉంది. కూనవరం వైపు మిత్రుడు ఒక్కటే అడిగాడు: "2022 జూలైలో మా ఇంట్లో ఏం మిగిలింది?" ఆ నెల భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటింది. వాళ్ళు కట్టుబట్టలతో గుట్ట మీదకెళ్ళారు. ట్రంకు పెట్టెలో ఉన్న టెన్త్ సర్టిఫికెట్, కుల ధ్రువపత్రం, పాసుపుస్తకం అన్నీ బురద ముద్ద. "మన దగ్గరే అంటే మన దగ్గర ఒక్కచోటే కదరా. ఆ ఒక్కచోటు మునిగితే?" అన్నాడు. ఎవరూ మాట్లాడలేదు.

ఫోన్ సంగతి చెప్పక్కర్లేదు. మాలో సగం మందివి సెకండ్‌హ్యాండ్ ఫోన్లే. కాలవలో స్నానానికి దిగి ఒకడు, బస్సులో నిద్రపోయి ఇంకొకడు, ఈ రెండేళ్ళలో మా బ్లాకులో ఫోన్ పోని రూము లేదు. ఫోన్తో పాటు అందులోని ఫైలూ పోతుంది. కీపాస్ ఫైలుకి ఇంకో నకలు తీసి పెట్టుకున్నావా అంటే ఒక్కడూ పెట్టుకోలేదు. ల్యాప్‌టాప్ ఉన్నవాడికి అది సులువు. మాకేది?

ఇంక మా అభిప్రాయం.

ముందు ఒక మాట ఒప్పుకోవాలి. మనం ఎక్కడ దాచాలా అని కొట్టుకుంటున్నాం గానీ, అసలు మన పాస్‌వర్డులు మన దగ్గరా లేవు, క్లౌడ్‌లోనూ లేవు. నెట్ సెంటర్ నోటుబుక్కులో ఉన్నాయి. "ఆయ్, నా దగ్గరే ఉందిలే, నువ్వెళ్ళు" అంటే మనం సంతోషంగా వచ్చేస్తున్నాం. ఆయన చెడ్డవాడని కాదు. పాపం, మనకి తెలీని పని చేసిపెట్టాడు. చాలామందికి అప్లికేషన్ పడిందే ఆయన వల్ల. కానీ మా తాతల కాలంలో సంత సావుకారు పుస్తకం కూడా ఇలాగే ఉండేది. ఎంత చింతపండు తూగింది, ఎంత అప్పు తీరింది అనేది ఆయన పుస్తకంలోనే. వేలిముద్ర మనది, కాగితం ఆయన దగ్గర. అలా ఎన్ని భూములు చేతులు మారాయో మన పెద్దల్ని అడగండి. ఏజెన్సీలో గిరిజనేతరులకి భూమి బదిలీ కాకుండా 1970లో 1/70 రెగ్యులేషన్ తేవాల్సి వచ్చిందంటే ఊరికే రాలేదు. చదువు రానప్పుడు కాగితం వేరేవాళ్ళ దగ్గర పెట్టాం, అర్థం ఉంది. చదువుకున్నాక కూడా పెడితే ఎలా?

పాస్‌వర్డులన్నీ ఒక పుస్తకంలో తెరిచి రాసి పెడితే ఏమవుతుందో కొత్త కథేం కాదు. అమెరికాలో ఎం.ఐ.టి.లో 1960ల మొదట్లో ఒకే కంప్యూటర్‌ని చాలామంది పంచుకొని వాడేవాళ్ళు. ఎవరి ఫైళ్ళు వాళ్ళకి, ఎవరి టైము వాళ్ళకి అని పాస్‌వర్డులు పెట్టారు. ఆ పాస్‌వర్డులన్నీ ఒకే ఫైలులో మామూలు అక్షరాల్లో ఉండేవి. 1962లో ఆలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థి, తనకిచ్చిన టైము చాలక, ఆ ఫైలునే ప్రింటు తీయించుకున్నాడు. అందరి పాస్‌వర్డులూ ఒక్కసారే చేతికొచ్చాయి. నెట్ సెంటర్ నోటుబుక్కు కూడా అలాంటి ఫైలే. అందులో మనందరి పాస్‌వర్డులూ మన పేరు తర్వాత 123.

ఇప్పుడు అసలు ప్రశ్నకి వద్దాం. ఎక్కడ దాచాలి అనేది ఎవరి నుంచి దాచాలి అనేదాని మీద ఉంటుంది. పట్నంలో పెద్ద కంపెనీలో పనిచేసేవాడి భయం వేరు, మన భయం వేరు. మన పాస్‌వర్డు కోసం పనిగట్టుకొని దేశాలవతల నుంచి ఎవడూ రాడు. మన శత్రువులు వేరే: పగిలిపోయే ఫోన్, ఆగిపోయే సిమ్, మూతపడే నెట్ సెంటర్, రూములో అందరికీ తెలిసిన ప్యాట్రన్ లాక్, వరద. అంటే దొంగ ఎత్తుకుపోతాడనే దానికన్నా మనమే పోగొట్టుకుంటామనేదే పెద్ద ప్రమాదం. పోగొట్టుకునేవాడికి కావాల్సింది రెండో నకలు. అది తనంతట తాను వేరేచోట ఉండాలి. ఆ పని క్లౌడ్ చేసినట్టు మన ఫోన్ చెయ్యదు.

అందుకని మేం క్లౌడ్ వైపే మొగ్గాం. కానీ గుడ్డిగా కాదు.

లాస్ట్‌పాస్ కథని మళ్ళీ చూడండి. దొంగల చేతికి పెట్టె చిక్కింది గానీ తాళంచెవి చిక్కలేదు. ఆ తాళంచెవి మాస్టర్ పాస్‌వర్డ్. అది కంపెనీ దగ్గర ఉండదు, వాడుకునేవాడి బుర్రలోనే ఉంటుంది. కాబట్టి ఎవరి మాస్టర్ పాస్‌వర్డ్ పొట్టిగా, సులువుగా ఉందో వాళ్ళదే మొదట ప్రమాదంలో పడింది. దొంగ పెట్టెని ఇంటికి తీసుకెళ్ళి తీరిగ్గా కోట్లసార్లు ప్రయత్నిస్తాడు, అడ్డుకునేవాడుండడు. పొడుగ్గా, ఊహకందకుండా ఉన్నది అంత తేలిగ్గా తెరుచుకోదు. అంటే క్లౌడా ఫోనా అనేదానికన్నా ఆ ఒక్క తాళంచెవి ఎలాంటిది అనేదే ముఖ్యం.

మనకి ఇక్కడ ఒక లాభం ఉంది. ఒకదానికొకటి సంబంధం లేని అయిదారు మాటలు కలిపితే మంచి మాస్టర్ పాస్‌వర్డ్ అవుతుంది. అవ్వ దగ్గర విన్న కోయ మాటలో, కొండ మీద మనమే వాడే చెట్ల, చేపల పేర్లో తీసుకోండి. దొంగలు ముందుగా వాడేవి ఇంగ్లీషు మాటల జాబితాలు. మన మాటలు వాటిల్లో దొరకడం తక్కువ. అలాగని ఒక్క మాటతో సరిపెట్టొద్దు, ఊరి పేరు, అమ్మవారి పేరు, పిలిచే పేరు పెట్టొద్దు. మన బళ్ళో ఎవరూ అడగని భాష ఇక్కడైనా మనకి కాపలా కాస్తుందంటే మాకు భలే సంతోషంగా ఉంది.

మేం చేసింది చెప్తాం, మీకు నచ్చితే చెయ్యండి. బిట్‌వార్డెన్ అని ఒకటుంది, ఉచితంగా వాడుకోవచ్చు. దాని ప్రోగ్రాం ఎలా రాశారో ఎవరైనా చూసుకునేలా బయటపెట్టారు. మన ఫోన్లోనే తాళం పడి, తాళం పడ్డ పెట్టే క్లౌడ్‌కి వెళ్తుంది. ఒకసారి లాగిన్ అయి ఉంటే నెట్ లేకపోయినా దాచినవి చూసుకోవచ్చు, గుట్టెక్కక్కర్లేదు. ఫోన్ పోతే కొత్త ఫోన్లో లాగిన్ అయితే అన్నీ తిరిగొస్తాయి. గూగుల్ ఖాతాలోనే దాచుకుంటామన్నా నోటుబుక్కు కన్నా నయమే. కాకపోతే ఫోన్ లాక్ తెలిసిన రూమ్మేటుకి అవీ కనిపిస్తాయి, అది గుర్తుంచుకోండి. ఇంకోటి, రెండేళ్ళు ముట్టుకోని ఖాతాల్ని గూగుల్ తీసేస్తుంది. 2023 డిసెంబరు నుంచి ఇది మొదలైంది. ఇంటర్‌లో తెరిచిన మెయిల్ ఇప్పుడే ఒకసారి తెరిచి చూడండి.

కాగితాన్ని పూర్తిగా వదలొద్దు. మాస్టర్ పాస్‌వర్డ్ మర్చిపోతే కంపెనీ కూడా ఇవ్వలేదు. అందుకే అదొక్కటీ, గూగుల్ ఇచ్చే పది బ్యాకప్ కోడ్లూ కాగితం మీద రాసి, ప్లాస్టిక్ కవర్లో చుట్టి, ఒకటి హాస్టల్ ట్రంకులో తాళం కింద, ఒకటి ఇంట్లో అమ్మ దగ్గర పెట్టండి. అదేంటో ఆ కాగితం మీద రాయకండి. అమ్మకి చదువు రాకపోవచ్చు, దాచడం మాత్రం మనకన్నా బాగా వచ్చు.

సిమ్ విషయం అన్నిటికన్నా ముందు. వరుసగా 90 రోజులు వాడని సిమ్‌ని కంపెనీ ఆపెయ్యొచ్చు, ఆ నంబర్ తర్వాత ఇంకొకరికి వెళ్ళిపోతుంది. మా జూనియర్ కొంప ముంచింది ఇదే. స్కాలర్‌షిప్‌కి, బ్యాంకుకి, ఆధార్‌కి మీరు నిజంగా వాడే నంబరే ఉండాలి. నెట్ సెంటర్‌కి వెళ్ళండి, తప్పులేదు. పాస్‌వర్డ్ మాత్రం మీ చేత్తో మీరు కొట్టండి, ఓటీపీ పైకి చదవకండి, వచ్చేముందు లాగౌట్ చెయ్యండి. డబ్బు మోసం జరిగితే ఆలస్యం చెయ్యకుండా 1930కి ఫోన్ చెయ్యండి.

మా హాస్టల్‌కి దగ్గర్లోనే భీమేశ్వరస్వామి గుడి ఉంది. గోడల మీద, స్తంభాల మీద వందల శాసనాలు. రాజులు మారినా రాయి కదా, ఉండిపోయాయి. అయినా శాసనాల శాఖవాళ్ళు రాయి ఉందిలే అని ఊరుకోలేదు. వాటి నకళ్ళు తీసి దక్షిణ భారత శాసనాల సంపుటాల్లో అచ్చువేయించారు. రాతి మీద చెక్కినదానికే రెండో నకలు కావాల్సొస్తే, పగిలిన స్క్రీన్ ఫోన్లో ఉన్నదానికి వద్దా?

కీపాస్ వాడే మిత్రులు కొందరు ఇంకా మాతో ఒప్పుకోలేదు. ఒప్పుకోకపోతే పర్లేదు, ఆ ఫైలుకి రెండో నకలు మాత్రం ఈ వారమే తియ్యండి. ప్రతి సీనియర్ ఇద్దరేసి జూనియర్లని కూర్చోబెట్టుకొని ఆదివారం ఒక గంట పెడితే చాలు. మేం పోయిన ఆదివారం మొదలుపెట్టాం, పదకొండు మందివి అయ్యాయి. నలుగురి మెయిళ్ళు ఇంకా ఎవరివో తేలలేదు.

మా జూనియర్‌కి రోజూ ఫోన్ చేస్తున్నాం. సిగ్నల్ దొరికిన రోజు ఎత్తుతాడు. వాడి పేరు మీద కొత్త సిమ్ తీసుకున్నాడు, ఆధార్‌కి నంబర్ మార్పించుకున్నాడు. పాత ఖాతా తెరిపించే పని సగంలో ఉంది. వాడి ఏజెన్సీ బస్సు ఎక్కించే బాధ్యత మాది. ఈ గ్రూపులో ఈ పనిమీద తిరిగి అనుభవం ఉన్నవాళ్ళెవరైనా ఉంటే చెప్పండి అన్నా, అక్కా. పరుపు ఇంకా అలాగే చుట్టి ఉంది.

జై ఆదివాసీ.

– ద్రాక్షారామం హాస్టల్ విద్యార్థులం